ఒకే తోటలో రెండు లోకాలు: ఉడుత, నిమ్మ ఆకు తొలుచు చిమ్మట – ఒక తులనాత్మక అధ్యయనం

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

- ఉడుత, నిమ్మ ఆకు తొలుచు చిమ్మటల వర్గీకరణ స్థానాన్ని, ముఖ్య లక్షణాలను తెలపగలుగుతారు.
- శరీర పరిమాణానికి, ఉపరితల వైశాల్యానికి, జీవక్రియ రేటుకు గల సంబంధాన్ని లెక్కలతో వివరించగలుగుతారు.
- స్థిరోష్ణ, అస్థిరోష్ణ జీవుల పెరుగుదలపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని పోల్చగలుగుతారు.
- నగరంలో ఒక చెట్టు పోయి దాని స్థానంలో ఒక మొక్క వచ్చినప్పుడు, ఏ జీవికి ఎంత నష్టం భర్తీ అవుతుందో విశ్లేషించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఏ అపార్ట్‌మెంటు ఆవరణలోనైనా, ఏ కార్యాలయ భవనం వెనుక తోటలోనైనా రెండు దృశ్యాలు మీకు కనిపించవచ్చు. మొదటిది, కానుగ చెట్టు మీద నుంచి ప్రహరీ మీదికి, అక్కడి నుంచి వేప కొమ్మ మీదికి పరుగులు తీసే ఉడుత. రెండవది, కుండీలోని నిమ్మ మొక్క లేత ఆకుల మీద వెండి రంగులో మెలికలు తిరిగిన గీతలు. ఉడుతను అందరూ గుర్తుపడతారు. ఆ గీతలను మాత్రం చాలామంది ఏదో తెగులు అనుకుంటారు. నిజానికి అది ఒక చిన్న చిమ్మట పిల్లపురుగు ఆకు లోపల నడిచిన దారి.

ఈ రెండు జీవులూ ఒకే తోటలో, ఒకే గాలిలో, ఒకే ఎండలో బతుకుతాయి. అయినా వాటి ఆహారం, శత్రువులు, కాలగమనం, వాటికి అవసరమైన చోటు పూర్తిగా వేరు. ఈ తేడాలలో చాలావాటికి మూలం వాటి శరీర పరిమాణంలో ఉంది. ఈ విషయం అర్థమైతే మరొక ప్రశ్నకు కూడా సమాధానం చెప్పగలుగుతాం: ఒక స్థలంలో చెట్లు కొట్టి, మరొక చోట అన్ని మొక్కలు నాటితే లెక్క సరిపోతుందా? 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి రాళ్లు, తుప్పలు, చెరువులతో ఉన్న ఈ ప్రాంతం వేగంగా మారుతూ వచ్చింది. కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడి వారికి పుస్తకాలకే పరిమితమైనది కాదు.

3. రెండు జీవుల పరిచయం

3.1 ఉడుత

దక్షిణ భారతదేశంలో ఇళ్ల చుట్టూ కనిపించే మూడు చారల ఉడుత శాస్త్రీయ నామం ఫ్యునాంబ్యులస్ పామారమ్. దీనికి 1766లో లిన్నేయస్ పేరు పెట్టాడు. దీనికి దగ్గరి బంధువైన ఐదు చారల ఉడుత (ఫ్యునాంబ్యులస్ పెన్నాంటీ) ఉత్తర భారతదేశంలో ఎక్కువగా ఉంటుంది. మూడు చారల ఉడుత తల నుంచి తోక మొదలు వరకు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు సుమారు 100 గ్రాములు. కుచ్చు తోక శరీరం కంటే కొద్దిగా పొట్టిగా ఉంటుంది.

ఉడుత పగటివేళ తిరిగే జీవి, అంటే దివాచరం. గింజలు, పండ్లు, మొగ్గలు, పూలలోని మకరందం, దొరికితే పురుగులు కూడా తింటుంది. రొడెన్షియా క్రమంలోని అన్ని జీవుల వలె దీని కుంతకాలు (కొరికే ముందు పళ్లు) జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరకడం వల్ల అవి అరుగుతూ తగిన పొడవులో ఉంటాయి. పిల్లి కనబడితే తోకను ఎగరవేస్తూ గట్టిగా, విడవకుండా అరుస్తుంది. ఈ హెచ్చరిక విని చుట్టుపక్కల ఉడుతలే కాక పక్షులు కూడా జాగ్రత్తపడటం మీరు గమనించవచ్చు.

వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వీపును రాముడు నిమిరాడని, ఆ వేళ్ల గుర్తులే చారలని మన కథ. ఉడుతాభక్తి అనే మాట అక్కడి నుంచే వచ్చింది. జీవశాస్త్ర దృష్టితో చూస్తే, కొమ్మల మధ్య పడే వెలుగునీడలలో ఈ చారలు ఉడుత ఆకారాన్ని విడగొట్టి చూపి, శత్రువు కంటిని తప్పుదారి పట్టిస్తాయి.

3.2 నిమ్మ ఆకు తొలుచు చిమ్మట

దీని శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో స్టెయిన్‌టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త కలకత్తా నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా దీనిని వర్ణించాడు. అంటే శాస్త్ర ప్రపంచానికి ఇది మొదట పరిచయమైంది మన దేశం నుంచే. ఇప్పుడు ఇది నిమ్మజాతి తోటలున్న అనేక దేశాలకు వ్యాపించింది. అమెరికాలోని ఫ్లోరిడాలో దీనిని 1993లో గుర్తించారు.

పెద్ద పురుగు, అంటే రెక్కల పురుగు, సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. రెక్కలు చాపితే సుమారు 4 మిల్లీమీటర్లు. తెల్లగా వెండిలా మెరిసే ముందు రెక్కల చివర ఒక్కొక్క నల్ల చుక్క ఉంటుంది. పగలు ఆకుల కింద నిశ్చలంగా ఉండి, సాయంకాలం నుంచి తెల్లవారుజాము వరకు తిరుగుతుంది. అందువల్ల నిమ్మ మొక్కకు రోజూ నీళ్లు పోసేవారు కూడా దీనిని చూసి ఉండకపోవచ్చు.

ఆడ పురుగు లేత ఆకుల మీద ఒక్కొక్క గుడ్డుగా పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన డింభకం నేరుగా ఆకు బాహ్యచర్మంలోకి ప్రవేశిస్తుంది. దీనికి కాళ్లు ఉండవు. శరీరం బల్లపరుపుగా ఉంటుంది. ఆకు పైపొర కింద కణాలను కోస్తూ, వాటి రసాన్ని తాగుతూ ముందుకు సాగుతుంది. కణాలు ఖాళీ అయిన చోట గాలి చేరడం వల్ల ఆ దారి వెండిలా మెరుస్తుంది. దారి మధ్యలో కనిపించే సన్నని నల్లటి గీత దాని విసర్జన. ఆకు మీద పాకిన పాము జాడలా కనిపించే ఈ లక్షణాన్ని రైతులు పాముపొడ అంటారు.

డింభకానికి నాలుగు దశలు ఉంటాయి. మొదటి మూడు దశలలో తింటుంది. నాలుగవ దశలో తినడం మాని, ఆకు అంచుకు చేరి, పట్టుదారంతో అంచును మడిచి, ఆ మడతలో ప్యూపాగా మారుతుంది. కొద్ది రోజులకు రెక్కల పురుగు బయటికి వస్తుంది. గుడ్డు, డింభకం, ప్యూపా, రెక్కల పురుగు అనే ఈ నాలుగు దశల మార్పును సంపూర్ణ రూపవిక్రియ అంటారు.

3.3 వర్గీకరణ, లక్షణాల పోలిక

| అంశం | మూడు చారల ఉడుత | నిమ్మ ఆకు తొలుచు చిమ్మట |
|---|---|---|
| వర్గం | కార్డేటా | ఆర్థ్రోపొడా |
| విభాగం | క్షీరదాలు | కీటకాలు |
| క్రమం | రొడెన్షియా | లెపిడోప్టెరా |
| కుటుంబం | సైయూరిడే | గ్రాసిల్లారిడే |
| శరీరం పొడవు | సుమారు 15 సెం.మీ. (తోక కాక) | సుమారు 2 మి.మీ. |
| శరీర ఉష్ణోగ్రత | స్థిరోష్ణం | అస్థిరోష్ణం |
| శ్వాసక్రియ | ఊపిరితిత్తులు, రక్తం | వాయునాళాలు |
| చురుకైన వేళ | పగలు | సాయంకాలం నుంచి తెల్లవారుజాము వరకు |
| ఆహారం | అనేక రకాలు | నిమ్మ కుటుంబపు లేత ఆకులు (డింభక దశలో) |
| పిల్లల సంరక్షణ | తల్లి పాలిచ్చి పెంచుతుంది | లేదు |

4. పరిమాణం నిర్ణయించే విషయాలు

4.1 ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం

ఉడుత పొడవు 15 సెం.మీ., చిమ్మట పొడవు 2 మి.మీ. అంటే పొడవులో ఉడుత 75 రెట్లు పెద్దది. రెండింటి ఆకారం ఒకటే అనుకుంటే, ఉపరితలం 75 × 75 = 5,625 రెట్లు, ఘనపరిమాణం 75 × 75 × 75 = 4,21,875 రెట్లు ఉంటుంది. వాటి ఆకారాలు ఒకటి కావు కాబట్టి ఇది స్థూలమైన లెక్క మాత్రమే. కానీ ఇందులోని సూత్రం ముఖ్యం: పొడవు పెరిగితే ఉపరితలం వర్గంగా, ఘనపరిమాణం ఘనంగా పెరుగుతాయి.

దీనిని ఒక ఘనం (పాచిక ఆకారం) ద్వారా సులభంగా చూడవచ్చు. భుజం 10 సెం.మీ. ఉన్న ఘనానికి ఉపరితలం 600 చదరపు సెం.మీ., ఘనపరిమాణం 1,000 ఘన సెం.మీ. అంటే ఒక ఘన సెంటీమీటరుకు 0.6 చదరపు సెం.మీ. ఉపరితలం. భుజం 1 సెం.మీ. అయితే ఈ నిష్పత్తి 6. భుజం 1 మి.మీ. అయితే 60. శరీరం చిన్నదయ్యే కొద్దీ, లోపలి పదార్థంతో పోలిస్తే బయటి చర్మం ఎక్కువ అవుతుంది.

జీవి చర్మం గుండా వేడి పోతుంది, నీరు ఆవిరవుతుంది. కాబట్టి చిన్న జీవి త్వరగా చల్లబడుతుంది, త్వరగా ఎండిపోతుంది. ఈ ఒక్క సూత్రం నుంచి తరువాతి విషయాలలో చాలావరకు వస్తాయి.

4.2 శ్వాసక్రియ

ఉడుత శరీరంలో లోతుగా ఉన్న కణాలకు ఆక్సిజన్ చేరాలంటే ఊపిరితిత్తులు, గుండె, రక్తం, హిమోగ్లోబిన్ అనే పెద్ద సరఫరా వ్యవస్థ కావాలి. చిమ్మటకు ఆ అవసరం లేదు. దాని శరీరం పక్కల శ్వాసరంధ్రాలు ఉంటాయి. వాటి నుంచి కొమ్మలుగా చీలిన వాయునాళాలు కణాల దాకా వెళ్తాయి. దూరం చాలా తక్కువ కాబట్టి ఆక్సిజన్ చాలావరకు విసరణ ద్వారానే చేరుతుంది. విసరణ తక్కువ దూరంలో చాలా వేగంగా, ఎక్కువ దూరంలో చాలా నెమ్మదిగా జరుగుతుంది. కీటకాలు ఉడుత అంత పెద్దవిగా పెరగకపోవడానికి చెప్పే కారణాలలో ఇది ఒకటి.

4.3 జీవక్రియ, ఆహారం

ఉడుత తన శరీరాన్ని ఎప్పుడూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంచుకుంటుంది. ఇందుకు నిరంతరం ఇంధనం కావాలి. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త క్షీరదాల విశ్రాంతి జీవక్రియ రేటు శరీర బరువు యొక్క 0.75 ఘాతానికి అనులోమంగా ఉంటుందని చూపాడు. దీనిని ఒక ఉదాహరణతో చూద్దాం. 60 కిలోల మనిషి బరువు 100 గ్రాముల ఉడుత బరువుకు 600 రెట్లు. కానీ ఈ సూత్రం ప్రకారం మనిషికి కావలసిన శక్తి 600 రెట్లు కాదు, సుమారు 121 రెట్లు మాత్రమే. అంటే ఒక్కొక్క గ్రాము శరీరానికి ఉడుత మనిషి కంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ ఖర్చు చేస్తుంది. ఉడుత పగలంతా ఏదో ఒకటి కొరుకుతూ కనిపించడానికి కారణం ఇదే. దాని ఆకలికి సెలవు లేదు. ఏడాది పొడవునా ఒక చెట్టు కాకపోతే మరొక చెట్టు దానికి ఏదో ఒకటి ఇస్తూ ఉండాలి.

చిమ్మట అస్థిరోష్ణ జీవి. తన వేడి కోసం ఇంధనాన్ని కాల్చదు. దాని డింభకానికి జీవితకాలపు ఆహారం ఒకే ఆకులో సరిపోతుంది. కానీ ఆ ఆకు లేతదై ఉండాలి. ముదిరిన ఆకు బాహ్యచర్మం గట్టిపడటం వల్ల డింభకం అందులో దారి చేసుకోలేదు. ఉడుతకు ఆహారం ఎంత ఉన్నదన్నది సమస్య అయితే, చిమ్మటకు ఆకు ఏ వయసులో ఉన్నదన్నది సమస్య.

4.4 ఎండ, గాలి, వాన

మే నెలలో హైదరాబాద్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు ఉంటాయి. అటువంటి మధ్యాహ్నం ఉడుత నీడకు చేరి, కాళ్లు చాపి, పొట్టను చల్లటి నేలకు లేదా కొమ్మకు ఆనించి పడుకుంటుంది. ఆ విధంగా వేడిని బయటికి పంపుతుంది. డింభకానికి అంత చిన్న శరీరంతో బయటి పొడిగాలిలో బతకడం కష్టం. కానీ అది ఆకు లోపల ఉంటుంది. పైన ఆకు మైనపు పొర, చుట్టూ ఆకు తేమ. ఆకు తొలవడం దానికి ఆహార సేకరణే కాక ఇల్లు కట్టుకోవడం కూడా.

ఎత్తు నుంచి పడటం విషయంలోనూ పరిమాణం ముఖ్యమే. పడే జీవిని కిందికి లాగేది బరువు, అంటే ఘనపరిమాణం. పతనాన్ని ఆపేది గాలి నిరోధం, అంటే ఉపరితలం. అందువల్ల మనిషికి ప్రాణాంతకమైన ఎత్తు నుంచి పడినా ఉడుత తరచుగా లేచి పరుగెత్తగలుగుతుంది. చిమ్మటకు పడటమనే ప్రమాదమే లేదు. దానికి ప్రమాదం నీటి నుంచి. సాధారణ వానచినుకు వ్యాసమే చిమ్మట శరీరమంత ఉండవచ్చు. ఒక తడి బిందువుకు అంటుకుంటే తలతన్యత నుంచి విడిపించుకోవడం దానికి కష్టం. ఉడుత వానలో తడిసి, ఒళ్లు విదిలించుకుని పోతుంది.

ఈ విషయాలను సాధారణ పాఠకులకు వివరించిన ప్రసిద్ధ వ్యాసాన్ని జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో రాశాడు. ప్రతి జంతువుకు తగిన పరిమాణం ఒకటి ఉంటుందని, పరిమాణం మారితే ఆకారం కూడా మారక తప్పదని ఆయన వాదన. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) భుజం 2 సెం.మీ. ఉన్న ఘనానికి ఉపరితలం, ఘనపరిమాణాల నిష్పత్తి ఎంత?
ఆ) నిమ్మ ఆకుపై గీత వెండి రంగులో కనిపించడానికి కారణం ఏమిటి?

5. కాలం: రెండు గడియారాలు

5.1 పెరుగుదల

ఉడుత గర్భావధి సుమారు 34 రోజులు. సాధారణంగా ఒక ఈతలో రెండు లేదా మూడు పిల్లలు పుడతాయి. పీచు, గడ్డి, దూది వంటి వాటితో కట్టిన గూడులో తల్లి వాటిని సుమారు పది వారాలు పాలిచ్చి పెంచుతుంది. అవి ప్రౌఢ దశకు రావడానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది. తల్లి కడుపులో ఉష్ణోగ్రత మారదు కాబట్టి ఈ గర్భావధి డిసెంబరులోనైనా, మేలోనైనా దాదాపు అంతే.

చిమ్మట గడియారం అలాంటిది కాదు. దానిని నడిపేది బయటి వేడి. ఒక కనిష్ఠ ఉష్ణోగ్రత కంటే తక్కువలో పెరుగుదల ఆగిపోతుంది. దానికి పైనున్న ప్రతి డిగ్రీ, ప్రతి రోజు కలిసి ఒక మొత్తంగా పోగవుతాయి. దీనిని డిగ్రీ-దినాల పద్ధతి అంటారు. లెక్క సులభంగా ఉండటానికి, కనిష్ఠ ఉష్ణోగ్రత 12 డిగ్రీలని, గుడ్డు నుంచి రెక్కల పురుగు వరకు 210 డిగ్రీ-దినాలు కావాలని అనుకుందాం. రోజు సగటు 27 డిగ్రీలైతే రోజుకు 15 చొప్పున 14 రోజులు పడుతుంది. సగటు 22 డిగ్రీలైతే రోజుకు 10 చొప్పున 21 రోజులు పడుతుంది. ఐదు డిగ్రీల తేడా పురుగు జీవితంలో ఒక వారం తేడా తెచ్చింది. వాస్తవంలో ఈ చిమ్మట జీవితచక్రం వాతావరణాన్ని బట్టి సుమారు రెండు వారాల నుంచి ఏడు వారాల వరకు ఉంటుంది.

5.2 సంతానం

ఒక ఆడ చిమ్మట సుమారు 50 గుడ్లు పెడుతుందనుకుందాం. వాటిలో సగం ఆడవి, అన్నీ బతుకుతాయి అనుకుంటే, మొదటి తరంలో 50, రెండవ తరంలో 1,250, మూడవ తరంలో 31,250, నాలుగవ తరంలో 7,81,250 పురుగులు అవుతాయి. ఉడుత గర్భం దాల్చినప్పటి నుంచి పిల్లలు పాలు మానే వరకు పట్టే సుమారు 104 రోజులలో, 20 రోజులకొక తరం చొప్పున చిమ్మట ఐదు తరాలు గడపగలదు.

మన తోటలు చిమ్మటలతో నిండిపోలేదంటే ఆ గుడ్లలో అత్యధిక భాగం పెద్దవి కాకుండానే నశిస్తున్నాయన్నమాట. జనాభా స్థిరంగా ఉండాలంటే సగటున ఒక జంట నుంచి రెండు పురుగులే మిగలాలి. మిగిలిన 48 సాలీళ్లకు, అల్లిక రెక్కల పురుగుల పిల్లలకు, ముఖ్యంగా పరాన్నభుక్కులైన చిన్న కందిరీగలకు ఆహారమవుతాయి. ఈ కందిరీగలు ఆకు లోపలి డింభకాన్ని వెతికి, దానిపై గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు డింభకాన్ని తిని పెరుగుతాయి. ఫ్లోరిడాలో ఈ చిమ్మట ప్రబలినప్పుడు, అటువంటి ఒక ఆసియా కందిరీగను తెచ్చి విడిచిపెట్టడం నియంత్రణలో భాగమైంది.

1967లో మెక్‌ఆర్థర్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు ఇటువంటి రెండు జీవన విధానాలకు ఆర్-వరణం, కె-వరణం అని పేర్లు పెట్టారు. ఎక్కువ సంతానం, తక్కువ సంరక్షణ, త్వరిత జీవితం మొదటిది. తక్కువ సంతానం, ఎక్కువ సంరక్షణ, నెమ్మది జీవితం రెండవది. ఇవి రెండు వేర్వేరు పెట్టెలు కావని, ఒక వరుసకు రెండు చివరలని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఏనుగు పక్కన నిలబెడితే ఉడుత కూడా త్వరిత జీవితం గల జీవే. చిమ్మట పక్కన నిలబెట్టినప్పుడే అది నెమ్మదిగా కనిపిస్తుంది.

6. ఆవాసం: ఎవరికి ఎంత చోటు?

ఇప్పటివరకు చూసిన తేడాలను ఒక స్థలానికి అన్వయిద్దాం. కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు ఒడ్డు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఐటీ కారిడార్‌లో మిగిలిన పచ్చని ప్రదేశాలు. వీటి మధ్య ఆరు వరుసల రోడ్లు, గాజు భవనాలు, పార్కింగ్ స్థలాలు ఉన్నాయి.

చిమ్మటకు ఆవాసం అంటే నిమ్మ కుటుంబానికి (రూటేసీ) చెందిన మొక్క చిగురు. నిమ్మ, బత్తాయి, నారింజ, పంపరపనస, మారేడు ఏదైనా సరే. ఇరవై అంతస్తుల భవనం బాల్కనీలో ఒక కుండీ ఉన్నా చాలు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కతో పాటే అది మీ ఇంటికి రాగలదు. ఆ మొక్క లేకపోతే మాత్రం చుట్టూ వెయ్యి చెట్లున్నా దానికి ఎడారితో సమానం. రోడ్ల మధ్య విభాజకాల మీద విరివిగా నాటిన కోనోకార్పస్ ఎంత పచ్చగా ఉన్నా ఈ చిమ్మటకు ఒక్క ఆకు కూడా పనికిరాదు.

ఉడుత ఏ ఒక్క మొక్కనూ పట్టుకుని ఉండదు. వేప, కానుగ, చింత, రావి, జామ ఏదైనా దానికి పనికివస్తుంది. ఏసీ యంత్రం వెనుక, గోడ సందులో కూడా గూడు కడుతుంది. మనిషి పక్కనే సర్దుకుని బతికే జంతువు అది. కానీ దానికి ఒక చిగురు చాలదు. ఏడాదిలో వేర్వేరు నెలల్లో పూసి కాసే చెట్లు కావాలి. ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు కొమ్మల మీదుగానో, గోడ మీదుగానో వెళ్లే దారి కావాలి. ఆ దారి తెగిన చోట నేలకు దిగి రోడ్డు దాటాలి. అప్పుడు పిల్లి, కుక్క, వాహనం మూడూ ఎదురవుతాయి.

అంటే చిమ్మటకు కావలసింది సరైన జాతి, సరైన వయసు గల ఆకు. ఉడుతకు కావలసింది రకరకాల చెట్లు, వాటి మధ్య తెగని దారి, ఏళ్ల తరబడి నిలిచే స్థిరత్వం. ఒకే తోటను ఈ రెండు జీవులు రెండు కొలబద్దలతో కొలుస్తున్నాయి.

7. అన్వయం

7.1 చెట్టుకు బదులు మొక్క

2025 మార్చి చివరలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమిలో యంత్రాలతో చెట్లు తొలగించి చదును చేయడం మొదలైంది. విద్యార్థులు, పర్యావరణ ప్రేమికులు అభ్యంతరం తెలిపారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి పనులను ఆపాలని ఆదేశించింది. ఆ భూమి యాజమాన్యం, వినియోగం గురించిన వాదాలు న్యాయస్థానాల పరిధిలోనివి. జీవశాస్త్ర విద్యార్థులుగా మనం చూడవలసింది మరొకటి. ఇటువంటి ప్రతి సందర్భంలో, పోయిన చెట్లకు బదులు ఇన్ని మొక్కలు నాటుతామనే మాట వినిపిస్తుంది. తెలంగాణలో అమలులో ఉన్న 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెట్ల నరికివేతకు అనుమతిని తప్పనిసరి చేసింది. 2015లో ప్రారంభమైన హరితహారం కార్యక్రమం మొక్కలు నాటడాన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే నాటిన మొక్క ఏ జీవికి, ఎప్పటికి చెట్టు అవుతుంది?

మన రెండు జీవులతో పరీక్షించి చూడండి. ఒక పాత తోటను తొలగించి, మరుసటి వర్షాకాలంలో నిమ్మతో సహా కొత్త మొక్కలు నాటారనుకుందాం. నిమ్మ చిగురు వేయగానే చిమ్మట రావచ్చు. దాని లెక్కలో నష్టం కొన్ని వారాలలో, నెలలలో భర్తీ అవుతుంది. పైగా లేత మొక్కలే ఎక్కువగా చిగురిస్తాయి కాబట్టి దానికి లాభం కూడా కావచ్చు. ఉడుత లెక్క వేరు. నడుము ఎత్తు మొక్క దానికి గూడూ కాదు, దారీ కాదు, ఆహారమూ కాదు. ఆ మొక్కలు కొమ్మలు కలుపుకుని, పూసి, కాసేటప్పటికి ఉడుతల అనేక తరాలు గడిచిపోతాయి. పోయిన చెట్టుకు వచ్చిన మొక్క కాగితం మీద సమానం. ఉడుత కాలమానంలో సమానం కాదు.

ఇక్కడ మరొక విషయం ఆలోచించాలి. ఉడుత సర్దుకుపోయే జీవి. దానికే ఇంత కాలం పడితే, తొర్రలు, రాతి గుట్టలు, నీటి మడుగులు తప్పనిసరైన జీవుల సంగతి ఏమిటి? కనుక ఒక స్థలం విలువను చెట్ల సంఖ్యతో మాత్రమే కొలవడం సరికాదు. ఏ జాతి చెట్లు, ఎంత వయసువి, ఎంత దగ్గరగా ఉన్నాయి అనే మూడు ప్రశ్నలు కూడా అడగాలి.

7.2 ఇంటి నిమ్మ మొక్క

ఈ అధ్యయనానికి ఒక చిన్న ఇంటి ఉపయోగం కూడా ఉంది. నిమ్మ ఆకులపై పాముపొడ కనబడగానే చాలామంది ఘాటైన మందు కొడతారు. డింభకం ఆకు పొర లోపల ఉంటుంది కాబట్టి పైన పడిన మందు దానికి సరిగా చేరదు. బయట తిరిగే పరాన్నభుక్కు కందిరీగలు మాత్రం చనిపోతాయి. ఫలితంగా తరువాతి చిగురుకు పురుగు ఇంకా పెరగవచ్చు. పెరిగిన చెట్టుకు ఈ పురుగు వల్ల పెద్ద నష్టం ఉండదు. గీతలు పడిన ఆకు కూడా కొంత ఆహారం తయారుచేస్తుంది కాబట్టి దానిని తుంచనవసరం లేదు. నారుమొక్కలలో, చిన్న మొక్కలలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆకుపై పడిన గాయాల ద్వారా గజ్జి తెగులు కలిగించే బాక్టీరియా ప్రవేశించగలదు. మాటిమాటికి కొమ్మలు కత్తిరించడం, నత్రజని ఎరువు అతిగా వేయడం వల్ల ఆగకుండా చిగురు వస్తుంది. అది చిమ్మటకు ఎడతెగని విందు. చిగురు ఒక్కసారిగా వచ్చి ముదిరేలా చూసుకుంటే చాలావరకు సమస్య తగ్గుతుంది. అవసరమైతే లేత చిగురు మీద వేపనూనె పిచికారీ చేయవచ్చు.

8. సారాంశం

ఉడుత, నిమ్మ ఆకు తొలుచు చిమ్మట ఒకే తోటలో నివసించినా, వాటి శరీర పరిమాణం వాటిని వేర్వేరు పరిస్థితులలో ఉంచుతుంది. చిన్న శరీరానికి ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ. అందువల్ల చిమ్మట వాయునాళాలతో శ్వాసిస్తుంది, ఆకు లోపల తేమలో రక్షణ పొందుతుంది, బయటి వేడిని బట్టి పెరుగుతుంది. ఉడుత తన వేడిని తానే ఉత్పత్తి చేసుకుంటుంది. అందుకు ఏడాది పొడవునా ఆహారం కావాలి. చిమ్మట ఎక్కువ సంతానంతో త్వరగా తరాలు మారుస్తుంది. ఉడుత కొద్ది పిల్లలను నెమ్మదిగా పెంచుతుంది. కాబట్టి చెట్టు బదులు మొక్క నాటినప్పుడు చిమ్మటకు నష్టం నెలల్లో తీరవచ్చు, ఉడుతకు ఏళ్లు పడుతుంది. నగరంలో పచ్చదనాన్ని అంచనా వేసేటప్పుడు సంఖ్యతో పాటు జాతి, వయసు, కొమ్మల కలయికలను లెక్కలోకి తీసుకోవాలి.

9. క్షేత్ర పరిశీలన

మీరు ఉన్న చోటే ఈ పనిని రెండు వారాలు చేయండి. ఒక నోటు పుస్తకం, ఒక గడియారం చాలు.

అ) ఒక నిమ్మ మొక్కలో 20 లేత ఆకులను ఎంచుకోండి. రోజు విడిచి రోజు ఎన్ని ఆకులపై గీతలు ఉన్నాయో, ఎన్నింటి అంచు మడిచి ఉందో రాయండి. అదే మొక్కలో 20 ముదురు ఆకులతో పోల్చండి.

ఆ) ఉదయం అరగంట, మధ్యాహ్నం అరగంట ఒక ఉడుతను గమనించండి. అది ఎక్కిన చెట్ల పేర్లు, తిన్న ఆహారం, చెట్టు నుంచి చెట్టుకు వెళ్లిన విధం, నేలకు దిగిన సార్లు రాయండి. దాని దారిని ఒక చిన్న పటంగా గీయండి.

ఇ) ఆ పటంలో ఏ ఒక్క చెట్టును తీసివేస్తే ఉడుత దారి తెగిపోతుందో గుర్తించండి. అదే చెట్టు పోతే చిమ్మటకు ఏమవుతుందో రెండు వాక్యాలలో రాయండి.

10. సరిచూసుకోండి – సమాధానాలు

అ) ఉపరితలం 24 చదరపు సెం.మీ., ఘనపరిమాణం 8 ఘన సెం.మీ. నిష్పత్తి 3.
ఆ) డింభకం రసం తాగిన కణాలు ఖాళీ అయి, పైపొర కింద గాలి చేరడం.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డిగ్రీ-దినాల పద్ధతిని ఉదాహరణతో వివరించండి.
2. కీటకాలలో, క్షీరదాలలో శ్వాసక్రియను పోల్చండి.
3. పరాన్నభుక్కు కందిరీగల పాత్రను తెలపండి.

II. ముప్పై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శరీర పరిమాణం జీవి జీవన విధానాన్ని ఎలా నిర్ణయిస్తుందో ఉడుత, నిమ్మ ఆకు తొలుచు చిమ్మటల ఆధారంగా చర్చించండి.
2. కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటితే ఆవరణ నష్టం భర్తీ అవుతుందా? మీ ప్రాంతంలోని ఒక స్థలాన్ని ఉదాహరణగా తీసుకుని విశ్లేషించండి.

12. ముఖ్య పదాలు

అస్థిరోష్ణ జీవి: పరిసరాల వేడిని బట్టి శరీర ఉష్ణోగ్రత మారే జీవి.
స్థిరోష్ణ జీవి: శరీర ఉష్ణోగ్రతను దాదాపు ఒకే స్థాయిలో ఉంచుకునే జీవి.
డింభకం: గుడ్డు నుంచి వెలువడి, తిని పెరిగే పిల్లపురుగు దశ.
ప్యూపా: డింభకానికి, రెక్కల పురుగుకు మధ్యనున్న, ఆహారం తీసుకోని దశ.
పరాన్నభుక్కు: మరొక జీవి శరీరం మీద లేదా లోపల పెరిగి, చివరకు దానిని చంపే జీవి.
రూపవిక్రియ: పెరుగుదలలో శరీర ఆకారం, నిర్మాణం పూర్తిగా మారడం.
విసరణ: పదార్థ కణాలు ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు వ్యాపించడం.